బొమ్మ గీస్తే కోడ్ పుట్టే సాధనాలు: ఏది అసలు ప్రతి, ఏది నకలు

మీ ప్రశ్న సారాంశం ఇది. పైథాన్‌లో ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ రాస్తున్నారు. విండోలు కట్టే క్యూటీ లైబ్రరీకి చెందిన క్యూటీ డిజైనర్‌లో విండో గీసి, పైయూఐసీ అనే సాధనంతో దాన్ని పైథాన్ ఫైల్‌గా మార్చుకున్నారు. బటన్ల పనులు, జాబితాలు నింపడం, డేటాబేస్‌తో మాట్లాడటం అన్నీ ఆ ఫైల్‌లోనే చేర్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు విండోలో కొత్త పెట్టెలు కావాలి. డిజైనర్ తెరిచి మళ్లీ కోడ్ పుట్టిస్తే మీరు రాసినదంతా పోతుందని భయం. ఈ సాధనాలు నేర్చుకునేవారికే తప్ప అసలైన పనికి ఉపయోగపడవా, మొత్తం చేత్తో రాసుకోవడమే మేలా, ఏఐని అడిగి రాయించుకుంటే సరిపోదా అని అడిగారు.

ఉపయోగపడతాయి. పెద్ద పెద్ద అప్లికేషన్ల వెనుక ఇవే ఉన్నాయి. చిక్కంతా ఏ ఫైల్‌ను అసలు ప్రతిగా చూడాలన్న దగ్గరే వచ్చింది. క్యూటీ డిజైనర్ భద్రపరిచే డాట్ యూఐ ఫైల్ అసలు ప్రతి. అది ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే గుర్తులతో రాసిన మామూలు అక్షరాల రూపంలో ఉంటుంది. ఏ విడ్జెట్ (బటన్, పెట్టె లాంటి తెర భాగం) దేని లోపల ఉంది, దాని పేరేమిటి, లక్షణాలేమిటి అన్నీ అందులో రాసి ఉంటాయి. పైయూఐసీ దాన్ని చదివి పైథాన్‌లోకి మారుస్తుంది, అంతే. అలా వచ్చిన ఫైల్‌ను దిద్దడం అచ్చయిన కాగితం మీద కలంతో దిద్దడం లాంటిది. అచ్చుపలక మారనంతకాలం తర్వాతి ప్రతిలో ఆ దిద్దుబాటు కనిపించదు. ఫైల్ పైభాగాన ఒక హెచ్చరిక కూడా ఉంటుంది: పైయూఐసీని మళ్లీ నడిపితే చేత్తో చేసిన మార్పులన్నీ పోతాయని. అందరూ దాన్ని దాటుకుని కిందికి వెళ్లిపోతారు, ఎందుకంటే కింద ఉన్నది చదవగలిగిన పైథాన్. చదవగలిగినది కాబట్టి మార్చవచ్చు అనిపిస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో క్యూటీ వాడేవారికి ఈ ఇబ్బంది చాలా అరుదుగా వస్తుంది. అక్కడ పైయూఐసీ లాంటిదే అయిన యూఐసీ పుట్టించే హెడర్ ఫైల్ బిల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది, బిల్డ్ నడిపే సీమేక్ సాధనంలో ఆటోయూఐసీ అనే అమరిక పెడితే ఆ పని దానంతట అదే జరుగుతుంది. ఆ ఫైల్‌ను తెరిచి చూడాల్సిన అవసరమే రాదు. పైథాన్‌లో బిల్డ్ అనే దశ విడిగా లేకపోవడం వల్ల పుట్టిన ఫైల్ వచ్చి మీ సొంత ఫైళ్ల పక్కనే కూర్చుంటుంది. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. మీరు అందులో రాయడం మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఏ సాధనాన్ని చూసినా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: అసలు ప్రతి ఎక్కడుంది? ముప్పై ఏళ్లకు పైగా ఈ రంగంలో వచ్చిన మార్పులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి, కాబట్టి కొంచెం చరిత్ర చెప్పాలి.

1988లో నెక్స్ట్ కంప్యూటర్లతో వచ్చిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ అసలు కోడ్ పుట్టించేదే కాదు. విండో, బటన్, వాటి మధ్య సంబంధాలు అన్నింటినీ ఆబ్జెక్టులుగానే నిబ్ ఫైల్‌లో భద్రపరిచేది. అప్లికేషన్ మొదలైనప్పుడు ఆ ఆబ్జెక్టులు ఉన్నవి ఉన్నట్టుగా లేచి వచ్చేవి. 1995లో వచ్చిన డెల్ఫీ కూడా ఫారం వివరాలను డీఎఫ్ఎం ఫైల్‌లో ఉంచి, అప్లికేషన్ నడిచేటప్పుడు చదువుతుంది. మీరు రాసే పాస్కల్ యూనిట్‌లో విడ్జెట్ల పేర్లు మాత్రమే ఉంటాయి, వాటిని ఎక్కడ ఎలా పెట్టాలన్న వందల వరుసలు ఉండవు. డెల్ఫీ బాటలో నడిచే లాజరస్ కూడా ఈ పద్ధతినే అనుసరించింది. అక్కడ దిద్దడానికి మధ్యలో పుట్టిన కోడే లేదు కాబట్టి మీకు ఎదురైన సమస్య పుట్టే అవకాశమే లేదు.

మరోవైపు కోడ్ పుట్టించే సాధనాలు రకరకాల కంచెలు వేసి చూశాయి. మైక్రోసాఫ్ట్ ఎంఎఫ్‌సీ అనే విండోస్ లైబ్రరీలో క్లాస్‌విజార్డ్ అనే సాధనం మీ ఫైల్‌లోనే ప్రత్యేకమైన వ్యాఖ్యల (కామెంట్ల) జత పెట్టి, ఆ రెండింటి మధ్య భాగం తనదని ప్రకటించేది. ఎవరైనా తెలియక ఆ వ్యాఖ్యలను చెరిపేస్తే ఇక ఆ ఫైల్ క్లాస్‌విజార్డ్‌కు అర్థం కాదు. జావాలో నెట్‌బీన్స్ అనే కోడింగ్ సాధనం ఇంకొంచెం గట్టి కంచె వేసింది: ఇనిట్‌కాంపొనెంట్స్ అనే భాగానికి వేరే నేపథ్య రంగు ఉంటుంది, ఎడిటర్ అక్కడ టైప్ చేయనివ్వదు. అసలు ప్రతి పక్కనే ఉన్న డాట్ ఫారం ఫైల్‌లో ఉంటుంది. ఆ ఫైల్ పోగొట్టుకుంటే జావా కోడ్ నడుస్తూనే ఉంటుంది కానీ డిజైనర్ మాత్రం మళ్లీ తెరుచుకోదు. ఇతరులకు ప్రాజెక్టు పంపేటప్పుడు అది అనవసరమైన ఫైల్ అనుకుని వదిలేసేవారు ఉంటారు. దయచేసి అలా చేయకండి.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో డెస్క్‌టాప్ విండోలు చేసే విండోస్ ఫారమ్స్ కథ మీకు నేరుగా పనికొస్తుంది. 2002లో వచ్చిన మొదటి వెర్షన్‌లో డిజైనర్ పుట్టించిన కోడ్, మీరు రాసిన కోడ్ ఒకే ఫైల్‌లో ఉండేవి. డిజైనర్ భాగాన్ని ఎడిటర్ మడిచిపెట్టి చూపించేది. 2005లో డాట్‌నెట్ 2.0తో పార్షియల్ క్లాస్ అనే సదుపాయం వచ్చింది, అంటే ఒకే క్లాస్‌ను రెండు ఫైళ్లలో రాయవచ్చు. ఆనాటి నుంచి డిజైనర్ కోడ్ వేరే ఫైల్‌లోకి వెళ్లింది, మీ కోడ్ మీ ఫైల్‌లో మిగిలింది. భాషలోకే ఒక సదుపాయం తెచ్చి మరీ ఈ రెండింటినీ విడదీశారంటే ఈ విభజన ఎంత ముఖ్యమో ఊహించండి. భాషలో ఆ సదుపాయం లేనిచోట ఇదే పని వారసత్వంతో జరుగుతుంది: సాధనం పుట్టించినది మాతృ క్లాస్, మీరు రాసేది దాని నుంచి వచ్చిన పిల్ల క్లాస్. సాఫ్ట్‌వేర్ రూపకల్పన పద్ధతుల మీద రాసిన జాన్ వ్లిసిడీస్ ఈ పద్ధతికి జనరేషన్ గ్యాప్ అని పేరు పెట్టారు. చిన్న పరికరాల తెరల కోసం వాడే టచ్‌జీఎఫ్ఎక్స్ డిజైనర్ అక్షరాలా ఇదే చేస్తుంది. ప్రతి తెరకు ఒక బేస్ క్లాస్‌ను తాను పుట్టించి, మీరు రాసుకోవడానికి ఖాళీ క్లాస్‌ను పక్కన పెడుతుంది. మొదటి దాన్ని ప్రతిసారీ తిరిగి రాస్తుంది, రెండోదాన్ని ముట్టుకోదు.

అన్నింటికంటే నాకు నచ్చే ఉదాహరణ గ్లేడ్. 1998లో జీటీకే అనే విండోల లైబ్రరీ కోసం వచ్చిన ఈ సాధనం మొదట్లో సీ కోడ్ పుట్టించేది: విండో నిర్మాణం ఒక ఫైల్‌లో, మీరు నింపుకోవాల్సిన ఫంక్షన్లు మరో ఫైల్‌లో. అయితే ఆ సముదాయం మెల్లగా లిబ్‌గ్లేడ్ వైపు మొగ్గింది. అది ఎక్స్‌ఎంఎల్‌ను అప్లికేషన్ నడిచేటప్పుడే చదివి విండోను కట్టే లైబ్రరీ. 2007లో జీటీకే 2.12తో ఆ సామర్థ్యం జీటీకే బిల్డర్ పేరుతో మూల లైబ్రరీలోకే వచ్చేసింది. గ్లేడ్ మూడో తరంలో కోడ్ పుట్టించడాన్నే తీసేశారు. కోడ్ పుట్టించే సాధనాన్ని తయారుచేసినవారే, ఆ భాగం లేకపోతేనే హాయి అని తేల్చారన్నమాట. గ్లేడ్ నుంచి నేర్చుకోవాల్సినది ఇంకొకటి ఉంది. జీటీకే 4కు గ్లేడ్ మారలేదు, ఆ స్థానంలోకి ఇప్పుడు కాంబలాష్ వచ్చింది. సాధనాలకు ఆయుష్షు ఉంటుంది. అసలు ప్రతి మనిషి చదవగలిగే రూపంలో ఉంటే, దాన్ని గీసిన సాధనం పోయినా దారి దొరుకుతుంది.

వీటన్నింటికీ భిన్నమైన దారి విండోబిల్డర్‌ది. ఎక్లిప్స్ అనే కోడింగ్ సాధనంలో పనిచేసే దీనికి వేరే డిజైన్ ఫైల్ ఉండదు. జావా కోడే అసలు ప్రతి. ఆ కోడ్‌ను చదివి బొమ్మగా చూపిస్తుంది, బొమ్మను మారిస్తే కోడ్‌లో అంతవరకే మారుస్తుంది. వినడానికి ఇదే ఆదర్శంగా ఉంటుంది, సాదా కోడ్‌తో బాగానే నడుస్తుంది కూడా. కానీ మీరు ఒక లూప్ పెట్టి పది బటన్లు తయారుచేశారనుకోండి, బొమ్మలో అయిదో బటన్‌ను జరిపితే కోడ్‌లో ఏ వరుస మార్చాలి? ఆ ప్రశ్నకు ఏ సాధనం దగ్గరా మంచి జవాబు ఉండదు. అందుకే ఇలాంటి సాధనాలు వాడేటప్పుడు మీ శైలిని వాటికి అర్థమయ్యే మేరకు కుదించుకోవాల్సి వస్తుంది.

ఇక మీ అప్లికేషన్ దగ్గరికి వద్దాం. మీ సొంత ఫైల్‌లో క్యూమెయిన్‌విండో నుంచి వారసత్వం తీసుకునే ఒక క్లాస్ రాయండి. దాని నిర్మాణ ఫంక్షన్‌లో పైయూఐసీ పుట్టించిన క్లాస్‌తో ఒక ఆబ్జెక్టు చేసి, దాన్ని సెల్ఫ్ డాట్ యూఐ అనే పేరుతో దాచి, దాని సెటప్‌యూఐ ఫంక్షన్‌కు సెల్ఫ్‌ను ఇవ్వండి. ఆ తర్వాతి వరుసల నుంచి మీ ఇష్టం: సిగ్నళ్లను (బటన్ నొక్కారు అనే లాంటి కబుర్లను) మీ ఫంక్షన్లకు కలపడం, జాబితాలు నింపడం, డేటాబేస్ అన్నీ ఇక్కడే. రెండు క్లాసుల నుంచీ ఒకేసారి వారసత్వం తీసుకునే పద్ధతి కూడా ఉంది. నేను మాత్రం మొదటిదే వాడతాను. ప్రతి విడ్జెట్ ముందు యూఐ అన్న మాట కనిపిస్తుంటే ఏది డిజైనర్ నుంచి వచ్చిందో, ఏది నాదో చదవగానే తెలుస్తుంది, పేర్లు ఢీకొనవు.

కోడ్ పుట్టించకుండా డాట్ యూఐ ఫైల్‌ను నేరుగా చదివించడం మరో దారి. క్యూటీని పైథాన్‌లో వాడటానికి ఉన్న రెండు లైబ్రరీల్లో, అంటే పైక్యూటీలో లోడ్‌యూఐ, పైసైడ్‌లో క్యూయూఐలోడర్ ఆ పని చేస్తాయి. మార్పు చేసి భద్రపరచగానే తర్వాతి పరుగులో కనిపిస్తుంది, మధ్యలో మరచిపోవడానికి దశలేవీ లేవు. అయితే ఎడిటర్‌కు మీ విడ్జెట్ల పేర్లు తెలియవు. పేరులో ఒక అక్షరం తప్పినా నడిపేదాకా బయటపడదు. విండో చిన్నదైతే నేరుగా చదివించండి. పెద్ద ప్రాజెక్టు అయితే, ముఖ్యంగా టైపు తనిఖీ సాధనాలు వాడుతుంటే, కోడ్ పుట్టించుకోవడమే మంచిది.

పేర్ల సంగతి తేలికగా తీసుకోకండి. డిజైనర్ తనంతట తాను పుష్‌బటన్ అండర్‌స్కోర్ 3 లాంటి పేర్లు ఇస్తుంది. కోడ్‌లో వాడే ప్రతి విడ్జెట్‌కూ గీసిన వెంటనే అర్థవంతమైన పేరు పెట్టండి, ఎందుకంటే డిజైన్‌కూ మీ కోడ్‌కూ మధ్య ఉన్న ఒప్పందం ఆ పేర్లే. ఇక్కడే ఒక గుంట ఉంది. ఆన్ అన్న మాట, విడ్జెట్ పేరు, సిగ్నల్ పేరు కలిపి ఫంక్షన్‌కు పేరు పెడితే క్యూటీ దానంతట అదే ఆ రెండింటినీ కలుపుతుంది. ఎంతో సౌకర్యంగా కనిపిస్తుంది. తర్వాత ఎవరో డిజైనర్‌లో విడ్జెట్ పేరు మారిస్తే ఆ బంధం చడీచప్పుడు లేకుండా తెగిపోతుంది, బటన్ నొక్కితే ఏమీ జరగదు. పైగా ఒకే పేరుతో రెండు రూపాలున్న సిగ్నళ్ల విషయంలో, పైక్యూటీలో ఏ రూపం కావాలో డెకరేటర్‌తో (ఫంక్షన్ పైన రాసే సూచనతో) చెప్పకపోతే, ఒక చర్యకు మీ ఫంక్షన్ రెండుసార్లు నడవవచ్చు. కనెక్ట్ అని స్పష్టంగా రాయండి. పేరు తప్పితే విండో తెరిచేటప్పుడే తప్పు తెలుస్తుంది.

డిజైనర్‌తో జరిగే నష్టాల్లో కోడ్ పోవడం కంటే తరచుగా కనిపించేది లేఅవుట్లు, అంటే విడ్జెట్ల చోటును దానంతట అదే సర్దే అమరికలు, పెట్టకపోవడం. విడ్జెట్లను లాగి, చూడముచ్చటగా వరుసలో పెట్టి వదిలేస్తారు. అప్పుడు పుట్టే కోడ్‌లో ప్రతిదానికీ సెట్‌జామెట్రీ అంటూ పిక్సెళ్ల లెక్క స్థిరంగా పడుతుంది. మీ తెర మీద బాగానే ఉంటుంది. విండోను సాగదీస్తే మూలన ఖాళీ మిగులుతుంది, తెర రిజల్యూషన్ మారినా వాడుకరి అక్షరాలను పెద్దవి చేసుకున్నా మాటలు తెగిపోతాయి. అప్లికేషన్‌ను మరో భాషలోకి మార్చిన రోజున అసలు గొడవ మొదలవుతుంది. కొన్ని భాషల్లో మాటలు పొడవు, అక్షరాల కింద ఒత్తులుండే లిపులకు వరుస ఎత్తు ఎక్కువ కావాలి. పిక్సెళ్లు కొలిచి పెట్టిన పెట్టెలో అవి పట్టవు. క్యూటీ డిజైనర్‌లో లేఅవుట్ లేని కంటెయినర్ పక్కన ఆబ్జెక్టుల జాబితాలో ఎర్రటి నిషేధ గుర్తు కనిపిస్తుంది. అది ఒక్కటి కూడా మిగలకుండా చూసుకోండి. ప్రధాన విండో మధ్య భాగానికి లేఅవుట్ పెట్టడం చాలామంది మరచిపోతారు: లోపలి వాటిని వరుసలో పెట్టాక ఖాళీ చోట కుడి బటన్ నొక్కి బయటి దానికీ పెట్టాలి. ఆ తర్వాత కంట్రోల్ ఆర్ నొక్కి ముందుచూపు విండోను చిన్నది, పెద్దది చేసి చూడండి.

ఒకరికంటే ఎక్కువమంది పనిచేసే ప్రాజెక్టు అయితే డాట్ యూఐ ఫైళ్లను మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంచండి. పుట్టిన పైథాన్ ఫైళ్లను ఉంచకండి, వాటిని ప్రతి ఒక్కరూ తమ కంప్యూటర్‌లో స్క్రిప్టుతో పుట్టించుకోవాలి. ఒకే ఫారం మీద ఇద్దరు ఒకేసారి పనిచేస్తే ఎక్స్‌ఎంఎల్‌ను కలపడం నరకం. దానికి మందు ఫారమ్‌ను ముక్కలు చేయడమే. వడపోత పట్టీ ఒక డాట్ యూఐ, వివరాల పేజీ మరొకటి. ప్రధాన విండోలో ఖాళీ విడ్జెట్ పెట్టి, ప్రమోట్ అనే అమరికతో దాని స్థానంలోకి రావాల్సిన మీ క్లాస్ పేరు ఇస్తే సరిపోతుంది. ఐఫోన్ అప్లికేషన్లలో స్టోరీబోర్డులు 2011లో వచ్చినప్పుడు అన్ని తెరలనూ ఒకే ఫైల్‌లో గీసే అలవాటు పెరిగి, బృందాలు ఈ కలపలేని ఫైళ్లతో చాలా తిప్పలు పడ్డాయి. 2015లో ఎక్స్‌కోడ్ 7తో ఒక స్టోరీబోర్డు నుంచి మరోదాన్ని సూచించే వీలు వచ్చింది.

చేత్తో రాయడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. తెర మీద ఎన్ని పెట్టెలుండాలో డేటా నిర్ణయించేచోట, అంటే పట్టికలో ఎన్ని నిలువు వరుసలుంటే అన్ని పెట్టెలు రావాల్సినచోట, గీయడానికి ముందే ఏమీ ఉండదు, లూప్ రాయాలి. విడ్జెట్ తన బొమ్మను తానే గీసుకునేచోట కూడా అంతే. ఫ్లటర్, 2019లో వచ్చిన స్విఫ్ట్‌యూఐ, 2021లో మొదటి స్థిర వెర్షన్ వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్ లాంటి కొత్త తరం తెర లైబ్రరీల్లో కోడే తెర వర్ణనలా ఉంటుంది, మార్పు చేసిన క్షణాల్లో ఫలితం పక్కన కనిపిస్తుంది. లాగి పెట్టే డిజైనర్ అవసరమే అక్కడ చాలావరకు తగ్గిపోయింది. ఆ దారిలో వెళ్లాలనుకుంటే వెళ్లండి. నడుస్తున్న క్యూటీ అప్లికేషన్‌ను దానికోసం తిరగరాయమని మాత్రం నేను చెప్పను.

ఏఐ గురించి అడిగారు కదా. బొమ్మ చూపించినా, మాటల్లో చెప్పినా ఇప్పుడది విండో కోడ్ రాసిస్తుంది, తరచుగా బాగానే రాస్తుంది. కానీ అది పైయూఐసీ లాంటిది కాదు. ఒకే డాట్ యూఐ ఫైల్‌ను పైయూఐసీకి ఎన్నిసార్లు ఇచ్చినా అదే కోడ్ వస్తుంది, కాబట్టి ఆ కోడ్‌ను పారేసినా నష్టం లేదు. ఏఐకి ఒకే మాట రెండుసార్లు చెబితే రెండు వేర్వేరు కోడ్‌లు రావచ్చు. అంటే మీ మాట అసలు ప్రతి కాలేదు, వచ్చిన కోడే అసలు ప్రతి అయింది. దాన్ని సహోద్యోగి రాసి పంపిన కోడ్‌లా వరుస వరుసా చదవాలి, గిట్‌లో పెట్టాలి, ఇక నుంచి మీరే దిద్దుకోవాలి. లేఅవుట్లకు బదులు పిక్సెళ్ల లెక్కలు వేసిందా, కీబోర్డుతో ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు వెళ్లే క్రమం సరిగా ఉందా, చూపులేనివారి కోసం తెరను చదివే సాఫ్ట్‌వేర్‌కు బటన్ల పేర్లు అందుతాయా అన్నవి ప్రత్యేకంగా చూడండి. తెరబొమ్మలో ఇవేవీ కనిపించవు కాబట్టి బొమ్మ చూసి రాసిన కోడ్‌లో ఇవి తప్పిపోవడం సహజం. డాట్ యూఐ ఫైల్‌నే రాసిమ్మని అడగడం కూడా ఒక మార్గం. వచ్చినదాన్ని డిజైనర్‌లో తెరిచి కళ్లతో తనిఖీ చేయవచ్చు, తర్వాతి మార్పులు మామూలు దారిలోనే సాగుతాయి.

సాధనం మార్చాలా అన్నదానికి నా జవాబు, వద్దు. పైథాన్, క్యూటీలతో ఉన్నారు కాబట్టి క్యూటీ డిజైనరే సరిపోతుంది. లైసెన్సు మాత్రం ఒకసారి చూసుకోండి: పైక్యూటీ జీపీఎల్ (పంచే అప్లికేషన్ సోర్స్ కోడ్ ఇవ్వాలనే లైసెన్సు) లేదా వాణిజ్య లైసెన్సుతో, పైసైడ్ ఎల్‌జీపీఎల్‌తో (అంత కఠినం కానిదానితో) కూడా దొరుకుతాయి. సోర్స్ కోడ్ ఇవ్వకుండా అప్లికేషన్‌ను అమ్మే ఆలోచన ఉంటే ఈ తేడా చాలా పెద్దది. ఒకదాని నుంచి మరోదానికి మారాల్సి వచ్చినా, రెండూ అదే డాట్ యూఐ ఫైల్‌ను చదువుతాయి.

ఇప్పుడు మీ దగ్గరున్న కలగాపులగం ఫైల్‌ను విడదీయడం. ముందు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా గిట్‌లో పెట్టండి. తర్వాత డాట్ యూఐ నుంచి, అప్పుడు వాడిన పైయూఐసీ వెర్షన్‌తోనే, వేరే పేరుతో కొత్త ఫైల్ పుట్టించండి. వెర్షన్ మారితే మీవి కాని తేడాలు వందల్లో కనిపించి కంగారు పెడతాయి. రెండు ఫైళ్లనూ తేడాలు చూపే డిఫ్ సాధనంలో పక్కపక్కన తెరవండి. ప్రతి తేడా రెండు రకాల్లో ఒకటై ఉంటుంది. రంగు, పరిమాణం, శీర్షిక, కొత్తగా చేర్చిన విడ్జెట్ లాంటివైతే వాటిని డిజైనర్‌లో చేసి డాట్ యూఐలోకి ఎక్కించండి. సిగ్నల్ కలపడం, డేటా నింపడం, మీరు రాసిన ఫంక్షన్లు అయితే పైన చెప్పిన సొంత క్లాస్‌లోకి తరలించి, విడ్జెట్ పేర్ల ముందు యూఐ చేర్చండి. సెటప్‌యూఐ మధ్యలో ఇరికించిన వరుసల విషయంలో జాగ్రత్త: అవి కొన్ని విడ్జెట్లు పుట్టాక, మరికొన్ని పుట్టకముందు నడిచేవి, ఇప్పుడు అన్నీ పుట్టాక నడుస్తాయి. ఒక జాబితాను నింపగానే సిగ్నల్ వెలువడి, ఇంకా సిద్ధంగా లేని భాగాన్ని పిలిచే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ముందు డేటా నింపి, చివర సిగ్నళ్లు కలపండి. ఒక్కో భాగం తరలించాక అప్లికేషన్ నడిపి చూసి, పనిచేస్తే గిట్‌లో పెట్టి, తర్వాతి భాగానికి వెళ్లండి. తరలించాల్సినవి అయిపోయాయనుకున్నప్పుడు పుట్టిన పైథాన్ ఫైల్‌ను చెరిపేసి, స్క్రిప్టుతో మళ్లీ పుట్టించి, అప్లికేషన్‌లోని ప్రతి బటన్‌నూ ఒకసారి నొక్కి చూడండి. ఎక్కడైనా ఏమీ జరగకపోతే, ఆ వరుస ఇంకా పాత ఫైల్‌లోనే ఉండిపోయిందని అర్థం. గిట్ నుంచి దాన్ని తెచ్చుకోవచ్చు.